సున్నం గీత పడిన నేరేళ్లు

"ఇక్కడ నాటిన ఏ మొక్క మీదా గొడ్డలి పడదు. ఇది గొంగడిస్వామి మాట."

నల్లమల అంచున ఉన్న గుండ్లకోన ఆశ్రమం వాకిట్లో ఒక నల్లరాయి నిలబెట్టి ఉంటుంది. దాని మీద ఎర్రరంగుతో రాసిన మాటలివి. ఏటా ఎండలకి ఆ రంగు వెలిసిపోతుంది. ఏటా చైత్రంలో, ఆరాధన రోజు పొద్దున్నే, భార్గవ దానికి మళ్లీ రంగు పూస్తాడు. ఆరోజు కూడా అతను రాతి ముందు గొంతుక్కూర్చుని, నాలిక కొస బయటపెట్టి, 'గొడ్డలి' అన్న మాటకి వంపులు దిద్దుతున్నాడు.

సరిగ్గా అప్పుడే, ఆ మాట ఇచ్చిన పెద్దమనిషి అతని పక్కనుంచి లోపలికి నడిచాడు. భుజాన నల్లగొంగడి, ఒక చేతిలో సున్నపు ముంత, ఇంకో చేతిలో కుంచె. నేరేడు వనంలో మొదటి చెట్టు దగ్గర ఆగాడు. దాని మొదలు చుట్టూ నడుమెత్తున తెల్లటి గీత గీశాడు. రెండో చెట్టు వదిలేశాడు. మూడోదానికి గీశాడు. నాలుగోదానికీ గీశాడు.

అడవి పనుల్లో సున్నపు గీతకి ఒకటే అర్థం. ఆ చెట్టు కొట్టెయ్యాలి.

భార్గవ చేతిలోని కుంచె రంగుడబ్బాలో మునిగిపోయింది.

భార్గవ చదువుకున్నవాడు. పర్యావరణం మీద పెద్ద చదువు చదువుతూ, "చదివింది చాలు, ఇక నిలబడాలి" అని సగంలో వదిలేసి వచ్చినవాడు. నిలబడటం అతనికి బాగా వచ్చు. రోడ్డు కోసం కొండ తొలిచే యంత్రం ముందు నిలబడ్డాడు. గుట్ట మీద కంకర తవ్వుతుంటే లారీ ముందు నిలబడ్డాడు. లారీవాడు దిగి టీ ఇప్పిస్తే, తాగి మళ్లీ నిలబడ్డాడు. అతని సంచీనిండా నినాదాలే. 'అడవి అమ్మకానికి లేదు.' 'గొడ్డలి దించు, గుండె పెంచు.' 'చెట్టును ముడితే చరిత్ర ముడుతుంది.' ఏ దేశంలో పుట్టిన నినాదమైనా అతని నోట్లో పడితే మన ఊరి నినాదమైపోయేది.

"పేరేమో భార్గవ, పరశురాముడిది. గొడ్డలంటే పడదు. ఆ పేరు పెట్టినాయన నిన్ను సరిగ్గా చూసినట్టు లేదబ్బీ" అని స్వామి నవ్వేవాడు.

స్వామికి మాటలు తక్కువ. రోహిణీకార్తెలో కూడా గొంగడి వదలడు. "ఇంత ఎండలో గొంగడేంటి స్వామీ?" అని ఎవరైనా అడిగితే, "ఎండ లోపలికి రాకుండా" అంటాడు. అంతకుమించి ఉపదేశం ఉండదు. అయినా జనం వస్తారు.

ఆ జనం చేత మొక్కలు నాటించాలన్నది భార్గవ ఆలోచనే. ప్రతి భక్తుడూ ఒక చెట్టు. "నాటింది నరకమని మాటిస్తేనే జనం నమ్ముతారు స్వామీ" అని, స్వామి చేత ఆ మాట ఇప్పించిందీ అతనే, రాతికెక్కించిందీ అతనే. "మాటలు రాతికెక్కించడమెందుకబ్బీ, అవి ఎదగవు గదా" అని స్వామి కాస్త గొణిగాడు గానీ, కుర్రవాడి ఉత్సాహం చూసి సరేనన్నాడు.

కానీ భక్తులు భక్తులే. కోన చుట్టూ కావలసినంత బోడినేల ఉంది. అక్కడ ఒక్కరూ నాటలేదు. స్వామి కూర్చునే బండకి దగ్గరగా నాటాలి. స్వామి చూపు పడాలి. స్వామి గాలి తగలాలి. ఆరాధన రోజు కోడి కూయకముందే వచ్చి, ఆర్టీసీ బస్సు కిటికీలోంచి సీటు మీద తువ్వాలు వేసినట్టు, బండ పక్కనున్న ఖాళీల మీద తువ్వాళ్లు వేసేవాళ్లు. "కాస్త జరగండన్నా, మాదొక్క మొక్కే పడుతుంది" అని సర్దుకునేవాళ్లు. రెండు మొక్కల మధ్య మూడోది. ఆ సందులో మనవడి పేరున నాలుగోది. అన్నీ నేరేళ్లే. స్వామికి నేరేడుపళ్లంటే ప్రాణమని ఎవరో పుట్టించారు. స్వామిని మాత్రం ఎవరూ అడగలేదు. అందరూ మొక్క పట్టుకుని ఫొటో దిగి, ట్రాక్టరెక్కి వెళ్లిపోయేవాళ్లు. ఫొటో దిగేవాడికి మొక్కతోనే పని, చెట్టుతో కాదు.

భార్గవ ఇదంతా చూసి పొంగిపోయాడు. ఎంత చిక్కగా ఉంటే అంత అడవి అనుకున్నాడు.

ఏళ్లు గడిచాయి. చెట్లు పెరిగాయి. పెరగడమంటే పైకే. వెలుతురు కోసం ఒకదాని భుజం మీదుగా ఒకటి మెడ సాచి, ఎత్తు ఇల్లు దాటింది గానీ లావు మనిషి పిక్క దాటలేదు.

అంతలో వానలు వరస తప్పాయి. మృగశిరకి రావలసిన వాన ఆశ్లేషకి వస్తోంది. వచ్చిన వాన కూడా నెలంతా కురవాల్సింది రెండు పూటల్లో కుమ్మరించి, మట్టిని చంకనెత్తుకుని వాగులో పడి పోతోంది. ఎండాకాలం మాఘంలోనే గడప తొక్కుతోంది. ఇలా మూడేళ్లు. నేరేళ్ల తలలు మాడాయి. నీరసించిన చెట్టుని వెతుక్కుంటూ పురుగు వచ్చి బెరళ్లలో దూరింది. మొదళ్ల దగ్గర రంపపు పొట్టులాంటి పొడి రాలుతోంది.

ఇది ఎవరి పాపమో భార్గవకి తెలుసు. పొగగొట్టాల పాపం. పెద్ద పెద్ద దేశాల పాపం. ఒక పెళ్లికి యాభై కార్లేసుకుని తిరిగేవాళ్ల పాపం. ఆ సంగతులు అతను గంటసేపు ఊపిరి తీసుకోకుండా చెప్పగలడు. చెప్పినవన్నీ నిజాలే. ఒక్కటీ అబద్ధం కాదు. ఆ నిజాలన్నీ కలిసి ఒక్క చెట్టుకి ఒక్క చెంబు నీళ్లు పోయలేకపోయాయి, అంతే.

అతనికి అక్కడ సొంత బాధ కూడా ఒకటుంది. స్వామి బండకి ఎడమపక్కనున్న చెట్టు అతను నాటిందే. అమ్మ పోయిన ఏడు, అమ్మ పేరున నాటాడు. ఆమె జ్ఞాపకంగా అతనికి ఇంకేమీ మిగల్లేదు. స్నానానికి ఇచ్చిన నీళ్లలో సగం రోజూ దానికే పోస్తాడు.

"అందుకే నాయనా, నీ ఒంట్లో సగం ఎప్పుడూ మట్టే" అంటుంది వంటామె ఓబులమ్మ.

ఇప్పుడు సున్నపు గీతలు ఆ చెట్టువైపే నడుస్తున్నాయి.

భార్గవ పరిగెత్తుకెళ్లి స్వామికి అడ్డం నిలబడ్డాడు.

"స్వామీ! ఏమిటిది?"

"సున్నం."

"సున్నమని తెలుసు. ఎందుకు?"

"కొట్టెయ్యడానికి. రేపు పొద్దున గొడ్డళ్లు వస్తాయి."

"ఇది మారణహోమం!"

"పెద్ద మాటే. కుంచె చూస్తే చిన్నది. నువ్వూ ఓ చెయ్యి వేస్తే మధ్యాహ్నానికి అవుతుంది."

"కొండవైపు చూడండి!" భార్గవ చెయ్యి చాపాడు. "ఒక్క చెట్టుకైనా ఆకుందా? ఎండకి కొండంతా చచ్చింది. ఉన్న ఈ నాలుగు చెట్లనీ మీరు చంపుతారా?"

స్వామి కళ్ల మీద చెయ్యి అడ్డం పెట్టుకుని కొండని చూశాడు.

"కొండ చావలేదబ్బీ. ఖర్చు తగ్గించుకుంది. ఎండ ముందే వస్తోందని ఆకు ముందే దించేసింది. తునికి ఒక నాడు, ఇప్ప ఒక నాడు, నారేపి ఒక నాడు, ఎవరి వీలు వాళ్లది. ఎవరి జాగా వాళ్లది."

"మరి ఇవో?"

"ఇవన్నీ ఒకింటివాళ్లు. అందరికీ ఒకేసారి దప్పిక. అందరి చెయ్యీ ఒకే చెంబు మీద."

"అయితే మాత్రం? ఏది బతకాలో ఏది చావాలో నిర్ణయించడానికి మీరెవరు స్వామీ?"

అది భార్గవ దగ్గరున్న అతి పెద్ద నినాదం. దాని ముందు ఇంజనీర్లు తడబడ్డారు. కాంట్రాక్టర్లు తల గోక్కున్నారు.

స్వామి చెయ్యి కూడా ఆగింది. కుంచెని ముంతలో పెట్టాడు. ముంతని నేల మీద పెట్టాడు.

"నిజమే. నేనెవర్ని?" అని, గొంగడి దులుపుకుని వెళ్లిపోయాడు.

ఇంత తేలిగ్గా గెలవడం భార్గవకి అలవాటు లేదు. పిడికిలి ఎత్తాడు గానీ, ఎవరికి చూపించాలో తెలియలేదు. అయినా పోరాటాన్ని మధ్యలో వదలకూడదని, ఒక అట్ట మీద పెద్ద అక్షరాలతో నోటీసు రాసి అమ్మ చెట్టుకి వేలాడగట్టాడు. దాని కిందే దీక్షలో కూర్చున్నాడు.

ఓబులమ్మ గరిటెతో సహా వచ్చి నిలబడింది.

"ఏం రాసినావు నాయనా? సదువు, ఇంటా."

భార్గవ గంభీరంగా చదివాడు. "గొంగడిస్వామి వారికి. ఇచ్చిన మాట ఎందుకు తప్పారు? సమాధానం చెప్పాలి. గడువు: ఈ సాయంత్రం. లేనిచో పోరాటం ఉధృతమగును."

"ఉధృతమంటే?"

"ఇంకా గట్టిగా."

"ఇప్పుడేమో అన్నం మానేసినావు. గట్టిగా అంటే మజ్జిగ కూడానా?"

భార్గవ ఆలోచించాడు. ఎండ అప్పుడే చురుక్కుమంటోంది.

"అది తర్వాతి దశ" అన్నాడు.

"అట్లయితే ఇప్పుడే తెస్తా" అని ఓబులమ్మ వెళ్లబోతూ, వాకిట్లో తడిరంగుతో మెరుస్తున్న నల్లరాయి వైపు ఆశగా చూసింది. "బట్టలుతకను ఎంత బాగుండేదో ఆ బండ. మాటలు రాసి పాడు చేసినారు."

పొద్దు నడినెత్తికి వచ్చేసరికి ట్రాక్టర్లు రావడం మొదలైంది. ఆరాధన పూజ ఎండ తగ్గాకే జరుగుతుంది. అంతదాకా జనాన్ని నీడన సర్దడం ఏటా స్వామి పని. ముసలివాళ్లని వంటసాలలోకి, పిల్లల తల్లుల్ని మండపంలోకి, కాళ్లలో సత్తువున్నవాళ్లని వాగు ఒడ్డున మద్దిచెట్ల కిందికి పంపేవాడు. ఆరోజు స్వామి వాకిట్లోనే నిలబడి, వనందాకా వినపడేలా కేకేశాడు.

"ఓబులమ్మా! ఈసారి ఎవర్నీ ఎటూ పంపొద్దు. అందరూ భార్గవ గుడిసెలోకే. ఎవరుండాలో ఎవరు పోవాలో నిర్ణయించడానికి మనమెవరం?"

చెట్టు కింద భార్గవ గుండె ఉప్పొంగింది. స్వామి మారాడు! దీక్ష కాసేపు ఆపి, మజ్జిగ గ్లాసు చేత్తో పట్టుకునే, అతిథుల్ని పిలవడానికి గుడిసె దగ్గరికి పరిగెత్తాడు.

ఆ గుడిసె ఒక మంచానికీ ఒక పుస్తకాల పెట్టెకీ కట్టింది.

"రండి, రండి! ఇది అందరి ఇల్లు" అన్నాడు భార్గవ.

మొదటి ట్రాక్టరువాళ్లు వచ్చారు. మంచం నిండింది. రెండో ట్రాక్టరువాళ్లు వచ్చారు. పుస్తకాల పెట్టె నిండింది. వెనకొచ్చేవాళ్ల కోసం ముందొచ్చినవాళ్లు అలవాటుగా తువ్వాళ్లు పరిచారు. ఆ తువ్వాళ్ల మీద ఇంకెవరో కూర్చున్నారు. "అది మా బావది!" "బావ వచ్చాక లేస్తాలే!" అని కాసేపు నడిచింది.

అప్పుడు దానమయ్య గారు వచ్చారు. సబ్‌రిజిస్ట్రారుగా రిటైరయిన మనిషి. ఎక్కడికెళ్లినా మడతకుర్చీ వెంట ఉంటుంది. వనంలో ఆయన చెట్టు భార్గవ అమ్మ చెట్టుకి మూరెడు దూరంలో ఉంది. దాని చుట్టూ ఇనుపకంచె, ముందు గ్రానైట్ పలక. 'శ్రీ దానమయ్య గారి శాశ్వత నేరేడు' అని పలక మీద చెక్కించారు. వీలుంటే చెట్టుని కూడా రిజిస్టర్ చేయించేవాడేనని ఓబులమ్మ అనుమానం. భార్గవకి ఆయనంటే ఒళ్లుమంట.

దానమయ్య గారు గుమ్మం పక్కనే కుర్చీ విప్పారు. అక్కడే నీళ్ల కడవ ఉంది. ఆ పూటకి ఆశ్రమం బావి ఇచ్చింది అదొక్క కడవే.

"భార్గవా, ఏర్పాట్లు బాగున్నాయోయ్" అని ఆయన రెండు చెంబులు గడగడా తాగి, మీసం తుడుచుకున్నారు.

"ఇంకో బండి వచ్చింది నాయనా!" బయటినుంచి ఓబులమ్మ.

"ఇక చాలమ్మా!"

"చాలు అనను నువ్వెవరని స్వామి అడగమంటున్నాడు!"

ఇంకో బండి కూడా లోపలికి వచ్చింది. ఇప్పుడు కూర్చోవడమన్నది లేదు. అందరూ నిలబడ్డారు. అందరూ గాలి కోసం మెడలు పైకి సాచారు. ఒకరి మోచెయ్యి ఒకరి డొక్కలో. ఒకరి ఊపిరి ఒకరి మెడ మీద. ఎవరో చెప్పులతో భార్గవ పుస్తకాల మీదికెక్కి, "ఇక్కడ కాస్త గాలి ఆడుతోంది" అన్నారు. అది అడవుల మీద అతి ఖరీదైన పుస్తకం.

చెంబు చేతులు మారుతూ లోపలికి వెళ్లింది. పొడుగు చేతులవాళ్లు ముందు తాగారు. నోరు పెద్దవాళ్లు తర్వాత తాగారు. మూలన గోడకి అతుక్కుపోయిన ఒక ముసలామె దాకా వచ్చేసరికి చెంబులో చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆమె చెంబుని ఒకసారి బోర్లించి చూసి, పక్కవాళ్లకి ఇచ్చేసింది. ఆమె కళ్లు తేలిపోతున్నాయి.

భార్గవ అది చూశాడు. చేతిలోని మజ్జిగ ఇద్దామని గ్లాసు ఎత్తితే, మధ్యలోనే ఎవరో అందుకుని తాగేశారు.

"లెండి!" అని అరిచాడు. యంత్రాల ముందు కూడా అంత గట్టిగా అరిచి ఎరగడు. "అందరూ ఇక్కడే ఉంటే అందరూ పోతారు! మీరు, ఎర్రచొక్కా, బయటికి! మీరు ముగ్గురూ వాగొడ్డుకి నడవండి! పుస్తకం దిగండి ముందు! అమ్మా, మీరు మండపానికి పదండి. అవ్వా, నువ్వు కదలొద్దు, కూర్చో. దానమయ్య గారూ, లేవండి, కుర్చీతో సహా!"

"నేనా?" అన్నారు దానమయ్య గారు.

"మీరే!"

గుడిసె ఖాళీ అవుతూ ఉంటే గాలి దానంతటదే లోపలికి వచ్చింది. కడవ అడుగున మిగిలిన నీళ్లు అవ్వకీ, ఇంకో నలుగురికీ సరిపోయాయి. అవ్వ గోడకి చేరగిలబడి, కాళ్లు చాపుకుని, "హమ్మయ్య" అంది.

భార్గవ చెమట తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చాడు.

ఎదురుగా స్వామి నిలబడి ఉన్నాడు. భుజాన గొంగడి. చేతిలో సున్నపు ముంత. కుంచెని భార్గవ వైపు చాపాడు.

భార్గవ మొహం ఎర్రబడింది. కుంచె అందుకోలేదు. ఓడిపోయేవాడు కాదతను, కనీసం అంత త్వరగా.

"ఇది వేరు, అది వేరు స్వామీ. నేను సత్తువున్నవాళ్లని పంపాను. లేనివాళ్లని ఉంచాను. మీరు బలమైన చెట్టుని ఉంచి బక్కచెట్టుని కొడుతున్నారు. ఇదేం న్యాయం?"

"మనిషికి కాళ్లున్నాయబ్బీ. పొమ్మంటే ఇంకో నీడకి పోతాడు. చెట్టు ఎక్కడికి పోతుంది?" స్వామి నిట్టూర్చాడు. "న్యాయమేనా అంటే నాకూ తెలీదు. కష్టంగా ఉంది. అందుకే ఆ వాకిలి పక్క చెట్టుతో మొదలుపెట్టాను."

భార్గవ వనం వైపు తిరిగాడు. మొదటి గీత పడిన చెట్టు వాకిట్లోంచి లోపలికి రాగానే ఉంటుంది. పొద్దున కోపంలో అదెవరిదో చూడలేదు. అది స్వామి నాటిన చెట్టు. తన గురువు పేరున, ఆయన ఆరాధన నాడే నాటింది. ఈరోజు ఆ ఆరాధనే.

"మాట తప్పారు కదా స్వామీ" అన్నాడు భార్గవ. గొంతులో పొద్దుటి వేడి లేదు.

"తప్పాను. రాతి మీద నా మాట ఉంది. మట్టిలో చెట్లున్నాయి. బావిలో ఉన్నది ఒక కడవ. దేనికి పోయను?"

భార్గవ కుంచె అందుకున్నాడు.

ఒక్కో చెట్టు దగ్గరా ఆగి, తల ఎత్తి చూసి, మొదలు తట్టి, మట్టిలో పొట్టు ఉందో లేదో వంగి చూశాడు. గీత గీసిన ప్రతిసారీ మనసులో ఏదో ఒక నినాదం గొణిగి, అది సరిపడక వదిలేశాడు. వెనక భక్తుల గుంపు నడుస్తోంది. "అయ్యో, మా పెద్దోడిది!" అని ఒకామె నోరు కొట్టుకుంది. "పక్కనున్న మీ చిన్నోడిది బతుకుతుందమ్మా" అన్నాడు భార్గవ. ఆమె కాసేపు లెక్కేసుకుని, "చిన్నోడే నయం లే, అన్నమన్నా పెడతాడు" అంది.

చివరికి బండ దగ్గరికి వచ్చారు. ఎడమపక్క రెండు చెట్లు, మూరెడు ఎడంతో. వీటిలో ఒక్కటే ఉండాలి.

దానమయ్య గారు కంచె పక్కన గుండెల మీద చేతులు కట్టుకుని నిలబడ్డారు. భార్గవ కుంచె నిండా సున్నం ముంచి, సూటిగా 'శాశ్వత నేరేడు' దగ్గరికే నడిచాడు. సున్నం గ్రానైట్ పలక మీద టపటపా కారింది. స్వామి ఎటో చూస్తూ చెవి గోక్కున్నాడు.

కుంచె గాలిలోనే ఆగింది.

దానమయ్య గారి చెట్టు నున్నగా ఉంది. తట్టితే గట్టిగా పలికింది. మొదట్లో పొట్టు లేదు. కొసదాకా ఆకుంది. భార్గవ ఎంత వెతికినా ఒక్క పురుగు కన్నం దొరకలేదు. అంత కోపంగా అతను ఏ చెట్టునీ వెతకలేదు.

అమ్మ చెట్టు తల రెండు బారలు మాడింది. మొదట్లో పొట్టు పసుపు చల్లినట్టుంది. రోజూ పోసిన సగం నీళ్లు ఎటు పోయాయో, పక్కచెట్టు నిగనిగ చూస్తే తెలుస్తోంది.

భార్గవ గోటితో అమ్మ చెట్టు బెరడు గీరాడు. లోపల ఇంకా పచ్చగానే ఉంది.

"ప్రాణముండగా కొడితే మోడు చిగురుతో మాట్లాడుతుంది" అన్నాడు స్వామి, కొండవైపే చూస్తూ. "ఎండినాక కొడితే పొయ్యి ఒక్కటే మాట్లాడుతుంది."

భార్గవ అమ్మ చెట్టు చుట్టూ గీత గీశాడు. మిగతా గీతలన్నీ తిన్నగా వచ్చాయి. ఇది వంకర పోయింది.

"అయితే మాది ఉంటుందన్నమాట!" దానమయ్య గారు మీసం సవరించుకున్నారు. "వంశబలమోయ్. ఇంతకీ ఈ పక్కది ఎవరిది?"

"మా అమ్మది."

దానమయ్య గారి చెయ్యి మీసం మీదే ఉండిపోయింది.

సాయంత్రం ఆరాధన జరిగింది. భార్గవ నోటీసు గడువు కూడా అప్పుడే ముగిసింది. ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు. జనం వెళ్లాక స్వామి ముంతలో మిగిలిన సున్నంతో వాకిట్లోకి నడిచాడు. మాట రాసిన నల్లరాయి చుట్టూ, నడుమెత్తున, తిన్నగా ఒక గీత గీశాడు.

మర్నాడు గొడ్డళ్లు వచ్చాయి. మొదట పడింది ఆ రాయి. దాన్ని నలుగురు బావి దగ్గరికి దొర్లించుకెళ్లారు. రాత్రంతా ఊరిన నీళ్లతో ఓబులమ్మ దాని మీద తొలిగా స్వామి గొంగడి ఉతికింది. భక్తులు వదిలేసిన తువ్వాళ్లు తర్వాత ఉతికింది. 'గొడ్డలి'కి భార్గవ కొత్తగా పూసిన రంగు ఆ తువ్వాళ్లకి అంటింది.

భార్గవ గొడ్డలి అడిగి తీసుకున్నాడు. అమ్మ చెట్టు తనే కొట్టాడు. చేత్తో ఎన్నడూ గొడ్డలి పట్టనివాడు కాబట్టి చాలాసేపు పట్టింది. "ఏటవాలుగా, నాయనా, నీళ్లు నిలవకుండా" అని ఎవరో చెబితే అలాగే కొట్టాడు. పచ్చి మోడు తడిగా మెరిసింది. పైన, చాలా ఏళ్ల తర్వాత, బండ మీదికి ఆకాశం కనబడింది.

మధ్యాహ్నం దానమయ్య గారి ట్రాక్టరు మళ్లీ వచ్చింది. ఆయన ఈసారి మడతకుర్చీ తేలేదు. తన చెట్టు చుట్టూ ఉన్న ఇనుపకంచె మరలు ఊడదీయించి, దాన్ని తెచ్చి అమ్మ మోడు చుట్టూ బిగించారు.

"మేకలు తిరుగుతుంటాయి" అన్నారు, భార్గవ మొహం చూడకుండా. "చిగురంటే వాటికి ప్రాణం."

ఆయన వెళ్లాక భార్గవ గుడిసెలోకి వెళ్లి, చెట్టు కొట్టేముందు విప్పి పెట్టిన నిన్నటి నోటీసు అట్టా, రంగుడబ్బా తెచ్చుకున్నాడు. 'గొంగడిస్వామి వారికి' అన్న మాట కొట్టేశాడు. మాట తప్పడం గురించిన ప్రశ్న కొట్టేశాడు. పోరాటం ఉధృతం కావడాన్ని మరీ గట్టిగా కొట్టేశాడు. 'సమాధానం చెప్పాలి' అన్నదాన్ని మాత్రం ముట్టుకోలేదు.

వంటసాల గుమ్మంలోంచి ఓబులమ్మ చూస్తోంది.

"ఈ సాయంత్రమే అంటే ఎట్లా నాయనా? కాస్త వానలు పడనీ" అంది.

భార్గవ గడువు కూడా కొట్టేసి, వేళ్లు మడిచి నెలలు లెక్కపెట్టుకుని, కొత్తది రాశాడు. అట్టని కంచెకి, మోడుకి ఎదురుగా, కట్టాడు.

స్వామి వచ్చి, గొంగడి ఇంకా ఆరలేదు గనక ఉత్త భుజాలతో, దాని ముందు నిలబడి చదువుకున్నాడు.

"అమ్మా, సమాధానం చెప్పాలి. గడువు: శ్రావణ పౌర్ణమి."